మూడు బొరియలూ మూసేశాను

మంగళవారం, రాత్రి

బంగళా వెనక ఆవుల గడ్డిమడిలో ఈరోజు పందికొక్కుల పని పట్టాను. మొన్న వాటి బొరియలో కాలు దిగబడి ఎర్రావు కుంటుతోంది. ఫిలింనగర్ నుంచి మందు పెట్టేవాళ్లను పిలిపిస్తానని అమ్మగారు అంటే నేనే వద్దన్నాను. మందు పడ్డ గడ్డి ఆవులు తింటే జవాబెవరు చెప్తారు? ఎండుమిరపకాయల పొగ చాలు. నాకు తెలియని పనా?

పొగ పెట్టేటప్పుడు మా నాయన ఒక బొరియ తెరిచి ఉంచేవాడు, పోయేది పోనీ అని. పీడ విరగడ కావాలని నేను మూడూ మూసేశాను.

వంట చేసే యాదమ్మ చూసి, "ఒక్కటన్న ఇడిసిపెట్టు పెద్దయ్యా. లోపల పిల్లలున్నయేమో" అంది.

"నీ పప్పు మాడుతున్నది, అది చూస్కో పో" అన్నాను.

పొద్దుగూకే వేళ తల్లి వచ్చింది. పొగ పెట్టినప్పుడు అది బయటే ఉందన్నమాట. మూసిన చోట మట్టి తవ్వుతోంది. కర్ర ఎత్తాను. నావైపు చూడనైనా లేదు. చెయ్యి దిగలేదు నాకు. లోపలికి దూరి, ఒక్కో పిల్లను నోట కరుచుకొచ్చి గడ్డిమీద పెట్టింది. ఐదు. ఒక్కటీ కదలలేదు. మళ్లీ లోపలికి పోయింది. చీకటి పడేదాకా నిలబడ్డాను, బయటికి రాలేదు.

"అయిపోయిందా తాతా?" అని అమ్మగారు అడిగారు. అయిపోయిందన్నాను.

తెల్లారి ఆవులను విప్పకముందే ఆ బొరియ పూడ్చాలి. లేకపోతే ఎర్రావు రెండో కాలూ పోతుంది. ఆ తల్లి లోపలే ఉంటే ఎట్లా పూడ్చేది?