బోర్డు మూలన తేదీ

పిచ్చుకకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, మీ అమ్మ కుట్టుమిషనూ. అక్కడ నువ్వూ, అల్లుడూ కులాసా అని తలుస్తాను.

నీ ఉత్తరంలో అడిగినవాటికి వరసగా జవాబులు. మోకాలు ఎలా ఉండేదో అలాగే ఉంది. వేళకే తింటున్నాను, రుచి సంగతి అడక్కు. ఏడ్చావా నాన్నా అన్నావు. లేదు. అమ్మ పోయి నాలుగు నెలలైంది, ఏడుపు రాలేదు. పళ్ళ డాక్టరు మత్తు సూది పొడిచాక దవడ మనది కానట్టు ఉంటుందే, ఒళ్ళంతా అలా ఉంది.

ఇక నీ పచ్చబొట్టు. నువ్వు టాటూ అంటావు, పొడిస్తే రెండూ నొప్పే. అమ్మ గుర్తుగా అమ్మ రాశి, తులారాశి, మణికట్టు మీద వేయించుకుంటానన్నావు. తక్కెడ సమంగా ఉంటే బాగుంటుందా, ఒకవైపు ఒరిగితే బాగుంటుందా, బోర్డులు రాసిన చెయ్యి కదా, గీసి పంపమన్నావు. శనివారం పొడిపించుకుంటానన్నావు.

రాశులంటే గుర్తొచ్చింది. వారపత్రికలో రాశిఫలాలు రాసే పెద్దమనిషికి ఒకసారి బోర్డు రాశాను. "తమరిది ఏ రాశండీ?" అన్నాను. "పత్రిక చూసి చెప్పాలి" అన్నాడు మహానుభావుడు. ఆయన రాసిందే మీ అమ్మకు వేదం. "తులవాళ్ళం అండీ, ఏదీ ఓ పట్టాన తేల్చుకోలేం" అంటూ చెప్పుల జత కోసం నన్ను నాలుగు కొట్లు తిప్పేది. ఇప్పటికీ పత్రిక రాగానే ముందు తులే చూస్తాను. పోయిన వారం "దూరప్రయాణాలు కలిసొస్తాయి" అని ఉంది. చదివి, మడిచి పెట్టాను.

సోది ఆపు నాన్నా అంటావు. ఆపుతాను.

మీ అమ్మది తులారాశి కాదు. ఏ రాశో ఎవరికీ తెలీదు. పెళ్ళయిన కొత్తలో కుట్టు ఫ్యాక్టరీలో పనికి తీసుకెళ్ళాను. "పుట్టినతేదీ లేందే కార్డు రాదయ్యా" అన్నాడు గుమాస్తా. అమ్మ బయట బెంచీ మీద కూర్చునుంది. పెంచిన మేనత్తను ఎప్పుడడిగినా "పెద్ద వాన కురిసిన ఏడు" అనేది, అంతే. నేను కిటికీలోంచి చూశాను. ఎదురుగా తక్కెళ్ళు బాగుచేసే కొట్టు, నేను రాసిన బోర్డే. రాసిన ప్రతి బోర్డుకీ కింద మూలన తేదీ వేస్తాను కదా. అక్టోబరు తొమ్మిది. అదే చెప్పేశాను. పత్రికలో తేదీల లెక్కన అది తుల. బయటికొచ్చి "మీ అత్తను కనుక్కున్నానే" అన్నాను. మీ అమ్మ మొహం ఎంత వెలిగిందంటే, ఇక ఆ మాట వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. నలభై ఒక్క ఏళ్ళు ఆ బోర్డుకే పుట్టినరోజులు చేశాం.

ఇంతవరకే అయితే నవ్వి ఊరుకునేదానివి. కడుపులో గడ్డ ఉంది, ఈ వారమే ఆపరేషన్ అని డాక్టరమ్మ చెప్పింది చూడు, ఆ వారం తులకి "ముఖ్య నిర్ణయాలు వచ్చే నెలకు వాయిదా వేయండి" అని ఉంది. "ఒక్క నెలేగా అండీ" అంది మీ అమ్మ. అది నీ రాశి కాదే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఈ వయసులో అబద్ధాలకోరు అనిపించుకోవడం ఎందుకని మింగేశాను. నెల పోయాక కోసి చూసి, చేసేదేం లేదని కుట్టేశారు. ఆసుపత్రివాళ్ళే తేదీ ఇవ్వలేదని నీకు చెప్పాను. అదీ అబద్ధమే.

బోర్డు మీద తప్పు పడితే కిరసనాయిలు గుడ్డతో తుడిచేస్తాను. నీ చేతి మీద తుడవలేను. అందుకే ఈ ఉత్తరం శనివారంలోపు అందాలని ఇవాళే పోస్టు చేస్తున్నాను. పొడిపించుకుంటావో మానేస్తావో, నాతో మాట్లాడతావో లేదో, నీ ఇష్టం.

గీయమన్నావు కాబట్టి గీసి ఇందులో పెట్టాను. పళ్ళేలు సమంగానే వచ్చాయి. అలవాటుకొద్దీ కింద మూలన తేదీ వేయబోయి కుంచె ఎత్తేశాను. ఆ మూల ఖాళీగా వదిలాను.

ఇట్లు,
నీ నాన్న