ఏసయ్య నోట ‘ఏంది’

ఎస్తేరమ్మ ఆంటీకి,

వందనాలు. ఈసారి నిజంగానే తల వంచి పెడుతున్నాను.

మన ఎల్బీ నగర్ చర్చిలో నేను రాసిన గుడ్ ఫ్రైడే నాటకం అయ్యాక మీరు లేచి అడిగారు. “ఏసయ్యేమో మీ గుంటూరు మాట మాట్లాడిండు. ఆయన్ని అమ్మిన యూదాకు మా నల్లగొండ మాట పెట్టినవ్. ఇదేంది బిడ్డా?”

నేను మైకులోనే, “ఏసయ్య నోట ‘ఏంది’ వస్తే శిష్యులు పన్నెండుమందీ పారిపోతారాంటీ” అన్నాను. అందరూ నవ్వారు. మీరు లేచి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఏ ఆదివారమూ రాలేదు.

బయట రోడ్డు మీద జనం తెలంగాణ కోసం బైఠాయించిన రోజులివి. లోపల ఒక్కటిగా ఉన్న సంఘాన్ని నేను రెండు చేశాను. డిగ్రీ చదివిన బుర్ర కదా, మీకు చెప్పడానికి గట్టి వాదనలే సిద్ధం చేసుకుంది. తీరా ప్రభువు ముందు మోకరిస్తే అవన్నీ సాకులని తేలింది. మీరడిగిందే న్యాయం.

వచ్చే ఆదివారం నాటకం మళ్లీ వేస్తున్నాం, మీరు రావాలి. సిలువ మీద ఏసయ్య మాట ఇలా మార్చాను: “నాయినా, గీళ్లను మాఫ్ జెయ్యి. ఏం జేస్తున్నరో గీళ్లకు ఎరుకలేదు.”

తప్పులుంటే అందరి ముందే దిద్దండి. ‘గీళ్లు’ మాత్రం అలాగే ఉంచండి. అందులో నేనున్నాను.

ఇట్లు,
మీ నోటి దురుసు బిడ్డ