కుడి మోకాలి అతుకు

తమ్ముడూ,

పడవ రిపేరు అయిపోయింది, వచ్చి తీసుకెళ్లు. స్టీరింగు చక్రం బిగించిన పెట్టె ఊగుతోందన్నావుగా, మేస్త్రీ విప్పి చూశాడు. పైన ఫైబర్ బాగానే ఉంది గానీ లోపలి చెక్క నీళ్లు పట్టి కుళ్లిపోయి, పిండిలా రాలింది. కొత్త చెక్క వేసి బిగించాడు.

ఆ పెట్టె ఒకచోట రంగుపోయి నున్నగా అరిగింది. "ఊగకుండా మోకాలితో అదిమిపట్టి నడిపేవారమ్మా మీ ఆయన," అన్నాడు మేస్త్రీ. ప్యాంట్లన్నీ కుడి మోకాలి దగ్గరే ఎలా చిరుగుతాయని, అతుకు వేసినప్పుడల్లా మీ బావని సాధించేదాన్ని. నవ్వి ఊరుకునేవారు.

మీ బావ పోయినా నేను ఏడవలేదని అమ్మ బెంగపడుతోందట. వేళకి తింటున్నానని చెప్పు.

ఆయన ప్యాంట్లు నీకు సరిపోతాయి, ఉతికి మడతపెట్టి ఉంచాను. వేసుకుని పడవెక్కు. ఇక చిరగవులే.

మీ అక్క