మామయ్య బంతి, నా బ్యాకప్

21 జూలై, సోమవారం
సాయంత్రం 6. ఈ రోజు నుంచి నేను కొత్త మనిషిని!
ఈ నెల 31న మా మామయ్య సామ్యేల్ గారి రిటైర్మెంట్. ముప్ఫై ఏళ్ళకు పైగా బొగ్గు గనిలో దిగిన మనిషి. కోరిక ఒక్కటే: "నా గ్యాంగోళ్ళందరు నాతోని ఒక్క బంతిల కూసోని తినాలె అల్లుడా. ఇంకేం వద్దు."
విందు బాధ్యత నాది. ఎక్సెల్ ఫైలు తయారు. పేరు, క్వార్టర్ నంబరు, షిఫ్టు, భోజనం టైము. ఫస్టు షిఫ్టు వాళ్ళు పగలంతా గనిలో ఉంటారు కాబట్టి వాళ్ళకు సాయంత్రం ఐదింటికి. మిగతావాళ్ళకు మధ్యాహ్నం. మామయ్యతో కలిసి గనిలో దిగే గ్యాంగు రెండో షిఫ్టు, అంటే మధ్యాహ్నం బంతి. బ్యాకప్ మా ఆవిడ లిల్లీ ఫోన్లో.
ప్రతిజ్ఞ: రోజూ రెండు ఫైళ్ళనూ పక్కపక్కన పెట్టి గడి గడీ సరిచూస్తాను. సరిచూడని బ్యాకప్ బ్యాకప్పే కాదు! నిన్న చూసిన కంప్యూటర్ వీడియోలో ఒక కుర్రాడు ఎంత బాగా చెప్పాడు!

22 జూలై
మొత్తం సరిచూశాను. అన్నీ కలిశాయి! రాజకుమారి పేరు తర్వాత ఒక ఖాళీ ఎక్కువుంటే అదీ తీసేశాను. నా దృష్టి ముందు డేగ ఎంత! బహుమతిగా నాలుగు మిర్చి బజ్జీలు.

23 జూలై
సగం సరిచూశాను. కళ్ళు మంటలు. లిల్లీ: "డబ్బల ఉప్పున్నదా లేదా, అది జర సరిచూడు." పెద్ద పనులు చేసేవాళ్ళకు ఇలాంటివి తప్పవు.

25 జూలై
వాన. కరెంటు పోయింది. పేర్లు మాత్రం చూశాను. పేర్లు కలిస్తే మిగతావి కలవకుండా ఎక్కడికి పోతాయి?

27 జూలై, ఆదివారం
చర్చి. విశ్రాంతి దినం. ఇది నేను పెట్టిన రూలు కాదు. నిన్న విశ్రాంతికి సిద్ధపడే దినం.

28 జూలై, సోమవారం
సాయంత్రం 6:30. గుండె ఆగినంత పనైంది!! లిల్లీ ఫైల్లో షిఫ్టుల వరస మొత్తం వేరుగా ఉంది! టైములూ వేరే! ఎవడో చెయ్యి పెట్టాడు. లేదా వైరస్!
లిల్లీ వచ్చి, "అది గాదు, నేనే..." అంటూ మొదలుపెట్టింది. చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. నా ఫైలు తీసి ఆమె ఫైలు మీద అతికించాను. ఇప్పుడు గడి గడీ కలుస్తోంది! అదే ఊపులో అందరికీ భోజనం టైములు మెసేజ్ పెట్టేశాను. వంట లింగమూర్తికి లెక్క కూడా ఇచ్చేశాను.

30 జూలై
సరిచూడలేదు. సోమవారం అంత గట్టిగా చూశాక ఇంకేముంటుంది? మెసేజ్‌లకు జవాబులు కుప్పలుగా వస్తున్నాయి. అన్నీ శుభాకాంక్షలే అయ్యుంటాయి. తీరిగ్గా చదువుతా.

31 జూలై
మధ్యాహ్నం 12:40. హాల్లో ఆకులు వేశారు. కొందరొచ్చారు. గ్యాంగు రాలేదు. మామయ్యా రాలేదు! రిటైరయ్యే మనిషే రాలేదు!
12:50. లిల్లీ నెత్తి కొట్టుకుంది. "బాపు ఇప్పుడెట్లొస్తడు? గనిల ఉన్నడు! సోమారం షిఫ్టులు మారినయి, గ్యాంగంత ఫస్టు షిఫ్టుకొచ్చింది. నేనే ఫైల్ల మార్చిన. చెప్పవోతే చెయ్యి అడ్డం పెడ్తివి!"
సోమవారం! గనిలో వారం వారం షిఫ్టులు మారతాయని గోదావరిఖనిలో చంటిపిల్లలకు కూడా తెలుసు. నాది ఆఫీసులో జనరల్ షిఫ్టు, ఎప్పుడూ మారదు. నా బుర్ర కూడా అంతే.
1:30. లింగమూర్తి: "అన్నం పారబోయాల్నా సార్? ఎవల్నన్న పిలువుండ్రి!" వచ్చినవాళ్ళు ఇంటిల్లిపాదినీ పిలుచుకున్నారు. మటన్ డేక్సాలు ఖాళీ.
5:10. డప్పులు. మెడ నిండా దండలతో మామయ్య, వెనక గ్యాంగంతా. సాయంత్రానికి పిలిచినవాళ్ళూ, ఈ వారం రాత్రి షిఫ్టు కాబట్టి, అప్పుడే వచ్చారు. వాళ్ళకు సరిపడానే వండించాను. ఏడుపొచ్చింది. మామయ్యను పక్కకు తీసుకెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను.
ఆయన "కోడిగుడ్లున్నయా?" అన్నాడు.
దండలు తీసి నా మెడలో వేసి, గుడ్లు ఒలవడానికి కూర్చున్నాడు. గ్యాంగంతా ఉల్లిగడ్డల మీద పడింది. ఏడింటికల్లా గుడ్ల పులుసు. ఒక్క బంతి! నేను వడ్డించాను. "అల్లుడు సార్, గీ గుడ్డుకు బ్యాకప్ ఉన్నదా?" అని ఒకాయన. హాలంతా నవ్వులు. అందరికంటే గట్టిగా మామయ్యే నవ్వాడు.

1 ఆగస్టు
ఉదయం 5. వరండాలో చప్పుడు. రాత్రి మా ఇంట్లోనే పడుకున్న మామయ్య స్నానం చేసి, బూట్లేసుకుని నిలబడ్డాడు.
"ఎటు పోతున్నరు మామయ్యా?"
"అలవాటుకు లేచిన. ఎటు పోవాల్నో తెలుస్తలేదు అల్లుడా."
ప్రాణం ఉసూరుమంది. లోపలికెళ్ళి ల్యాప్‌టాప్ తెచ్చాను, లిల్లీ ఫోనూ తెచ్చాను. "గీ రెండు ఫైళ్ళు సరిచూడాలె. మీరు చదువుండ్రి, నేను టిక్కు పెడ్త."
కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. మొదటి పేరు దగ్గరే ఆగాడు. "వీడా! వీడొకసారి ఏం చేసిండో ఎరికేనా..."
లిల్లీ లేచి వచ్చింది. "ఫంక్షనే అయిపాయె! ఇంకేం సరిచూస్తుండ్రు?"
"నువ్వు చాయ్ పెట్టు బిడ్డా. డ్యూటీల ఉన్నం," అన్నాడు మామయ్య.
ఆఫీసు టైమయ్యేసరికి నాలుగు పేర్లయ్యాయి. షిఫ్టుల వరస ఇంకా ముట్టుకోనేలేదు.
ప్రతిజ్ఞ: రోజూ సరిచూడాలి. రేపు ఆరింటికే కూర్చోవాలట. లేటైతే ఆబ్సెంటు వేస్తానన్నాడు.