చెత్త అని పేరు పెట్టిన ఫోల్డర్లు

పెద్దమ్మకు నమస్కారాలు.

గొంతు ఆపరేషన్ గాయం మానుతోందని పెదనాన్న చెప్పారు. ఇక మాట రాదని డాక్టరు తేల్చేశారని కూడా చెప్పారు.

చూపు లేని పిల్లల కోసం మీరు చదివి రికార్డు చేసిన పుస్తకాలన్నీ క్లౌడ్ నుంచి నా కంప్యూటర్‌లోకి దిగాయి. మొదట రాసిన కోడ్ అన్నిటికంటే పైనున్న ఫోల్డర్ ఒక్కటే చూసి ఉత్త చేతులతో తిరిగొచ్చింది. మీరు పుస్తకానికో ఫోల్డర్, అందులో అధ్యాయానికో ఫోల్డర్ పెట్టారు కదా. అందుకని, ఫోల్డర్ కనిపిస్తే లోపలికి వెళ్లి అక్కడున్నవన్నీ తెమ్మని మళ్లీ రాశాను. అది చెప్పినట్టే చేసింది. మధ్యలో పాడైన రికార్డింగులు వేసి మీరు ‘చెత్త’ అని పేరు పెట్టిన లోపలి ఫోల్డర్లను కూడా వదల్లేదు.

వాటిని వినకుండా చెరిపెయ్యమని మీరు చీటీ రాసిచ్చారు. ఫైళ్లు సరిగా దిగాయో లేదో చూద్దామని ఒక్కటి విన్నాను. చదువుతూ చదువుతూ మీరు దగ్గారు. పెదనాన్న తలుపు తీసి, “కాఫీ తాగుతావా?” అన్నారు.

“ఆగండి బాబూ! ఇక్కడ రాజుగారి ప్రాణం పోతోంది.”

“పోనీలే, పోయాకే తాగుదువు గాని.”

తర్వాత ఇద్దరూ చాలాసేపు నవ్వారు.

అన్ని పుస్తకాల్లోనూ కలిపి మీరు మీలా మాట్లాడింది ఆ ఫోల్డర్లలోనే ఉంది. క్లౌడ్‌లో ఉన్నవి మీరు చెప్పినట్టే చెరిపేస్తాను. నా దగ్గర ఉన్నవి ఉంచనిస్తారా? ఒప్పుకుంటే పెదనాన్నకు వినిపిస్తాను. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటోందమ్మా అని మొన్న ఫోన్‌లో అన్నారు.

మీ చెల్లెలి కూతురు