ఆక్సిజన్ పైపు అడిగితే క్యాంటీను మెనూ

ఆసుపత్రి సమాచార విభాగం అధికారి గారి సముఖమునకు, ఆక్సిజన్ పైపుల మెకానిక్కు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పసిపిల్లల వార్డు గోడలోని ఆక్సిజన్ పైపు పటము మన కంప్యూటరు సెర్చిలో దొరకకపోవుట, రేపు ఉదయం ఆ గోడకే డ్రిల్లు పెట్టనుండుట గురించి.

1. తమకు విన్నవించుకొనునది ఏమనగా, సదరు గోడకు ఏసీ బిగించుటకై రేపు రంధ్రములు వేయుదురు. అందులో పైపు ఏ ఎత్తున పోవుచున్నదో నాకు తెలియదు. అది తెలిసియుండుటే నా ఉద్యోగము, అయినను తెలియదు. పాత పటములన్నీ కంప్యూటరులోకి ఎక్కించి కాగితములు చించివేసినారు. గోడ నిండా ఇనుప చువ్వలున్నందున లోహమును పసిగట్టు యంత్రము ఎక్కడ పెట్టినా కూయుచున్నది. పైపులో ఆక్సిజన్ ఆపివేయుదమన్నను, పిల్లలకు అదే ఊపిరి.

2. సెర్చిలో "ఆక్సిజన్ పైపు" అని కొట్టితిని. మొదట క్యాంటీను మెనూ వచ్చినది. రెండవది తమరు మొక్క నాటుచున్న ఫొటో, కింద "చెట్లే మనకు ఆక్సిజన్" అని. ఫొటోలో తమరు బాగానే ఉన్నారు. "గొట్టము" అని మార్చి కొట్టగా ఫలితములు లేవన్నది. గొట్టమూ పైపూ ఒకటేనని దానికి చెప్పిన పాపాన ఎవరూ పోలేదు.

3. మెనూ ఏల వచ్చుచున్నదని తమ గుమాస్తా గారిని అడిగితిని. "అందరూ ఎక్కువగా తెరిచేదే ముందు చూపిస్తుందండీ. పొద్దున్నే అందరూ చూసేది మెనూయే కదా" అన్నారు.

"మరి నా పటం?"

"దాన్నెవరు తెరుస్తారండీ, వెనక్కి పోతుంది. ఎక్కడో ఉంటుంది లెండి."

ఎక్కడో ఉందని నాకూ తెలుసు. గోడలో కూడా ఎక్కడో ఉంది.

4. ఈ జబ్బు అందరికీ తెలిసినదే. కనుకనే ఒక్కొక్క విభాగము వారు తమ ముఖ్యమైన కాగితములను మెనూ ఫైలు చివర అతికించుట మొదలుపెట్టిరి. మధ్యాహ్న భోజనము కింద మత్తుమందుల జాబితా, దాని కింద లిఫ్టు రిపేరు వివరములు. నవ్వులాటగా ఉండవచ్చును గాని, ఈ ఆసుపత్రిలో వెతికిన వెంటనే దొరికేది అదొక్కటే. నాకు ముందున్న పెద్ద మెకానిక్కు గారికి ఫోను చేయగా, "పటం మెనూ కిందే పెట్టానురా. ఇంకెక్కడ పెట్టినా నీకు దొరికి చావదు" అన్నారు. పరుగున పోయి చూసితిని. మెనూ ఒక్క పేజీయే ఉన్నది. ఫైలు బరువెక్కినదని మిగతాదంతా పోయిన వారమే తమరు పాత ఫైళ్ళ ఆర్కైవుకు తరలించినారట. దాని పాస్‌వర్డు తమ వద్దనే ఉన్నది. తమరేమో "సమాచారం అందరికీ అందుబాటులో" అను శిక్షణకు వెళ్ళి ఫోను ఎత్తుట లేదు.

5. కాంట్రాక్టరును ఆపమని అడిగితే, "పటం చూపించన్నా, ఆపుతా. లేదంటే గోడ గోడే" అన్నాడు. అతని తప్పేమీ లేదు. నా చేతిలోనే ఏమీ లేదు.

6. ఇది రాయకూడదనుకున్నాను. ఆ గోడ పక్కనున్న గాజు పెట్టెలో నా మేనకోడలు ఉంది. నెలలు నిండకుండా పుట్టింది, ఇంకా పేరు కూడా పెట్టలేదు. "పైపులు చూసుకునేది నువ్వేనని ఇక్కడికే వచ్చాం అన్నయ్యా, నాకేం భయం లేదు" అంటోంది మా చెల్లి. నాకు భయంగా ఉందండీ. దానితో చెప్పలేక తమతో చెప్పుకుంటున్నాను.

కావున, ఈ అర్జీ గుమాస్తా గారి చేత తమరున్న శిక్షణ హాలుకే పంపుచున్నాను. వెంటనే ఆర్కైవు తెరచి పటము ఇప్పించవలెను. తరువాత తీరికగా, ఫొటోలుగా ఎక్కించిన పటములలోని అక్షరములు కూడ చదువుట సెర్చికి నేర్పించి, పదిమంది తెరిచినదానిని గాక అడిగినదానిని ముందు చూపునట్లు చేయించవలెను. దొరకనప్పుడు "ఫలితములు లేవు" అని చేతులు దులుపుకొనక, ఎవరిని అడగవలెనో ఒక మనిషినైనా చూపవలెను. ఈ మనవిని నిలుచున్న పాటునే చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఆక్సిజన్ పైపుల మెకానిక్కు

తా.క.: డ్రిల్లుకు బిగించే బిట్లన్నీ నా జేబులో ఉన్నాయి. కాంట్రాక్టరు వాటికోసం వెతుకుతున్నాడు. ఇది దొంగతనమే, కాదనను. సస్పెండ్ చేసేటట్లయితే ఆ ఉత్తర్వు కంప్యూటరులో పెట్టకండి, నాకు దొరకదు. ఎవరి చేతనైనా పంపండి, ఆ గోడకే వీపు ఆనించి కూర్చుని ఉంటాను. పటం కూడా ఆ మనిషి చేతికే ఇవ్వండి. రెండూ తీసుకుని, ఎక్కడ కొట్టకూడదో గోడ మీద గీత గీసి, బిట్లు ఇచ్చేసి ఇంటికి వెళ్ళిపోతాను.