నాన్న అనని మాటలు

అన్నయ్యకి, తమ్ముడు వంగి పెట్టే దండాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. అక్కడ నువ్వూ, నీ గేటూ, గేటు దాటే రైళ్లూ బాగున్నాయని తలుస్తాను. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. మన వంశంలో అక్షరం ముక్క తెలిసింది దానికొక్కదానికే కదా. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను.

విషయం ఏంటంటే, దానికి రైల్వేవాళ్ల దగ్గర్నుంచి ఇంటర్వ్యూ కాగితం వచ్చింది. స్టేషన్ మాస్టరుకి సహాయంగా ఉండే ఉద్యోగమట. వచ్చే నెల పద్దెనిమిదో తారీఖున, వాళ్ల పెద్దాఫీసులో. రెండు పగళ్లూ ఒక రాత్రీ ప్రయాణం. ఈ పిల్ల కాలేజీ దాటి ఒంటరిగా ఎక్కడికీ వెళ్లింది లేదు. లైబ్రరీకి వెళ్లానంటోంది. అదీ ఒక ప్రయాణమేనా? ఏంటే, ఇది కూడా రాసేస్తున్నావా?

నా మనసు అటూ ఇటూ ఊగుతోంది. వీధి మలుపులో కూర్చుని తాళాలు బాగుచేసుకునేవాణ్ణి, నాకేం తెలుసు? ముప్పై ఏళ్లుగా రైల్వే గేటు కాస్తున్నవాడివి. నువ్వు చెప్పిందే వేదం. నువ్వు వద్దంటే మానిపిస్తాను.

ఇట్లు,
నీ తమ్ముడు (వేలిముద్ర)

తా.క.: పెదనాన్నా, ఇది మీ అమ్మాయి రాస్తున్నది. నాన్న చెప్పింది ఒక్క మాట మార్చకుండా రాశాను. ఇది మాత్రం నా మాట. మీరు వద్దన్నా నేను వెళ్తాను. సలహా అడిగింది నాన్న, నేను కాదు.

*

తమ్ముడికి, అన్న దీవెనలు. ఈసారికి ఇస్తున్నాను. ఇకమీదట నీ నడవడిని బట్టి.

నీ ఉత్తరం మా స్టేషన్‌లో టికెట్ల కిటికీ దగ్గర గుమస్తాగారు చదివి వినిపించారు. ఈ జవాబూ వారే రాస్తున్నారు. మొదలంతా బాగానే ఉంది. వేదం అన్నావు, కళ్లు చెమర్చాయి. చివరికొచ్చేసరికి "అన్నయ్యా, నువ్వు వద్దన్నా పంపిస్తాను" అంటావా? నా చెయ్యి పట్టుకోనిదే రోడ్డు దాటనివాడివి, ఇవాళ నాకే ఎదురు తిరిగేంత మొనగాడివయ్యావా?

ఆడపిల్లలకి రైల్వేలో ఏం పని? ముప్పై ఏళ్లలో రైల్వే పనిలో ఒక్క ఆడమనిషిని నేను నా కళ్లతో చూడలేదు. రాయండి గుమస్తాగారూ, ఈ మాట కాస్త ఒత్తి రాయండి.

పంపడానికి వీల్లేదు.

నీ అన్న (వేలిముద్ర)

తా.క.: రాసినవారి మనవి. తిట్లలో ముప్పాతిక వంతు వదిలేశాను, కాగితం చాలలేదు. మీ ఊరి నుంచి ఇటు వచ్చే బండి ఉదయం ఆరున్నరకి. ఎవరూ అడగలేదు, అయినా చెబుతున్నాను.

*

అన్నయ్యకి, తమ్ముడు సాగిలపడి పెట్టే దండాలు.

నీ ఉత్తరం అమ్మాయి చదువుతుంటే చేతిలో తాళం జారి కాలి మీద పడింది. నేనేమన్నానని? నీకు ఎదురు చెప్పడం నా నోటికి అలవాటే లేదు. నీ మరదలు సాక్షి. "ఆ మాట అనే ధైర్యమే ఉంటే ఈ ఇంటికి ఈపాటికి రెండో గది పడేది" అంటోంది. అదెందుకు రాస్తున్నావే? చెప్పింది చెప్పినట్టు అన్నానా? అన్నాన్లే.

నువ్వు కోప్పడకు. పిల్లని పంపను. పంపనని రాయి. రాశావా? ఏదీ చూపించు. నాకు చదవడం రాదులే, అయినా చూపించు.

నీ తమ్ముడు (వేలిముద్ర)

తా.క.: గుమస్తాగారికి నమస్కారం. ఉత్తరం చివర తా.క. అని ఉన్నచోట రాసేది నేను, నాన్న కాదు. దయచేసి అక్కడికి రాగానే ఆగి, ఊపిరి పీల్చుకుని, వేరే గొంతుతో చదవండి. నేను "వెళ్తాను" అని రాస్తే అక్కడ "పంపిస్తాను" అని వినబడిందట. మీ కళ్లజోడు ఒకసారి డాక్టరుకి చూపించుకోండి.

పెదనాన్నా, ఇన్నేళ్లలో మీ గేటు దగ్గర ఒక్క రైలైనా ఆగిందా? నేనూ ఆగను.

*

తమ్ముడా! ఈసారి దీవెనలు లేవు.

ముందు సాగిలపడి దండాలు, చివర నెత్తిన మొట్టికాయా? "అన్నయ్యా, నీ గేటు దగ్గర ఏ రైలూ ఆగలేదు, నేనూ ఆగను" అంటావా? పైగా గుమస్తాగారు ఆ మాట దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుని, గొంతు పెంచి మరీ చదివారు. ప్లాట్‌ఫారం మీద కూలీలంతా విన్నారు. నా పరువు పట్టాల మీద పడింది.

విను. ఆ బండి నా గేటు దాటే పోవాలి. ఎర్రజెండా నా చేతిలోనే ఉంది. బండి ఆపుతాను, పిల్లని దింపుతాను, ఎదురు బండిలో ఇంటికి పంపిస్తాను. ఆ తర్వాత నువ్వు ఎన్ని దండాలు పెట్టినా వినేవాడు లేడు.

అన్న (వేలిముద్ర)

తా.క.: రాసినవారి మనవి. ఊరికే ఎర్రజెండా ఊపితే ఉద్యోగం ఊడుతుంది. ఆ సంగతి వారికీ తెలుసు. టికెట్టు ముందే తీసుకోవడం మంచిది. ఎడమవైపు కిటికీ దొరికితే మరీ మంచిది, గేటు గది అటువైపే. నా కళ్లజోడు బాగానే ఉంది.

*

అన్నయ్యకి. దండాలు పెట్టే చేతులు ఇవాళ ఖాళీగా లేవు.

అనని మాటకి రెండుసార్లు తిట్లు తిన్నాను. అన్నది తనేనని అమ్మాయి నిన్న ఒప్పుకుంది. చెవి మెలిపెడదామని లేచాను. లేచినవాణ్ణి, ఏం రాశావో చెప్పమన్నాను. చెప్పింది. మళ్లీ చెప్పమన్నాను. ఆ మాటలు బాగున్నాయి అన్నయ్యా.

ఎలాగూ తిట్లు పడ్డాయి కదా, ఆ మాటేదో అనేసి తింటే కనీసం అరుగుతాయి. అందుకని అంటున్నాను. పిల్ల వెళ్తుంది. నేనే పంపిస్తున్నాను. రాయవే. నిజంగానే అంటున్నాను. ముందు రాయి, తర్వాత ఏడుద్దువుగాని.

నువ్వు ముప్పై ఏళ్లుగా గేటు వేస్తున్నావు. నేను ముప్పై ఏళ్లుగా తాళాలు తీస్తున్నాను. ఎవరి పని వాళ్లం చేద్దాం. పదహారో తారీఖు మధ్యాహ్నం బండి నీ గేటు దాటుతుంది. ఏ జెండా ఊపుతావో నీ ఇష్టం.

నీ తమ్ముడు (వేలిముద్ర. ఈసారి గట్టిగా నొక్కాడు, కాగితం చిరిగింది)

తా.క.: పెదనాన్నా, నేను చేర్చడానికి నాన్న ఏమీ మిగల్చలేదు. సిరా అలుక్కుపోయిన చోట మన్నించండి.

*

తమ్ముడికి, అన్న దీవెనలు. పాత బాకీతో కలిపి రెట్టింపు.

నీ ఉత్తరం విన్నాను. మళ్లీ చదివించుకున్నాను. మూడోసారి అడిగితే గుమస్తాగారు కిటికీ మూసేశారు. నీకింత గొంతు ఉందని తెలిస్తే, ఇన్నేళ్లూ నీ తరఫున కూడా నేనే అరవాల్సిన పని ఉండేది కాదు కదరా.

(ఇక్కడ రెండు వరుసలు కొట్టేసి ఉన్నాయి.)

పిల్లని పంపించు.

నీ అన్న (వేలిముద్ర)

తా.క.: అమ్మాయీ, ఇది నీకు. నువ్వు "పెదనాన్నా" అని రాసినచోటల్లా "అన్నయ్యా" అని చదివింది కావాలనే. ఆడపిల్ల మాటగా చదివితే మీ పెదనాన్న నవ్వేసి ఉత్తరం జేబులో పెట్టుకునేవారు. తమ్ముడి మాట కాబట్టి కోపమైనా వచ్చింది. కోపం వస్తేనే జవాబు రాయిస్తారు. మధ్యలో మీ నాన్నగారికి అన్యాయంగా తిట్లు పడ్డాయి, క్షమించమన్నానని చెప్పు. ఆయన నిజంగానే ఆ మాట అంటారని మాత్రం నేననుకోలేదు.

కొట్టేసిన వరుసల సంగతి. రైల్వేలో ఆడమనిషన్నదే లేదని ఇవాళ మళ్లీ రాయమన్నారు. కలం కింద పెట్టి, "మరి నేనెవర్నండీ? పన్నెండేళ్ల కిందట అదే ఆఫీసులో ఇంటర్వ్యూకి ఒంటరిగా వెళ్లొచ్చి ఈ కుర్చీలో కూర్చున్నాను" అన్నాను. మీ పెదనాన్న నన్ను కిటికీలోంచి ఎగాదిగా చూసి, "మీరు ఆడమనిషేంటమ్మా, మీరు గుమస్తాగారు!" అన్నారు. అనేసి, కిటికీలోంచి చెయ్యి పెట్టి కాగితం మీద వేలు ఆనించారు. తర్వాత, "అది కొట్టేయండి" అన్నారు.

పదహారున ఎడమవైపు కిటికీలో కూర్చో. పచ్చజెండా ఉతికి, గేటు గది ముందు తీగ మీద ఆరేశారు. నీ కోసం కాదట, రైలు కోసమట.